ఫ్యాను కింద మంచం

ఆదివారం పూట చేపలు తోమేటప్పుడు ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి ఉండదు. సువర్ణ మోచేత్తో ఫోను నొక్కి స్పీకర్‌లో పెట్టి, బూడిద రాసిన శీలావతి చేపని బండ మీద రుద్దుతూనే "చెప్పండి మేడమ్" అంది. అవతలున్నది ఆమె పీహెచ్‌డీ గైడు సీతారత్నం మేడమ్. ఆవిడ ఎప్పుడూ ముందు ఇంట్లో అందరి క్షేమం అడిగి, పిల్ల చదువు అడిగి, ఆ తర్వాతే అసలు విషయానికి వస్తారు. ఆ రోజు మాత్రం అసలు విషయంతోనే మొదలుపెట్టారు.

"నాలుగో అధ్యాయం తీసెయ్యమ్మా. మిగతాదంతా ముత్యంలా ఉంది. నర్సులూ డాక్టర్లూ తీసుకున్న నిర్ణయాల మీద రాశావు, చాలు. ఆయాలు మంచాలు జరిపారని నలభై పేజీలు రాస్తే బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు ఏమనుకుంటాడు? చదువులేని మనిషి చూపుకి మనం పెద్ద పేరు పెట్టామని నవ్వుతాడు. పది రోజుల్లో గడువు. ఇక పొడిగించరని నీకూ తెలుసు."

తెలుసు. మొదలుపెట్టి ఏడేళ్ళయింది. రెండుసార్లు పొడిగింపు అడిగింది, ఒకసారి ఆడపడుచు పురుడుకి, ఒకసారి మావయ్యగారు పోయినప్పుడు. ఈసారి గడువు దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. గైడు సంతకం లేనిదే థీసిస్ గుమ్మం దాటదు. కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు ఆ డిగ్రీ కోసమే ఆగి ఉంది. ఆలోచించుకుంటానండి అంది సువర్ణ. తీసెయ్యడానికి ఆలోచన ఎందుకమ్మా అని మేడమ్ ఫోను పెట్టేశారు.

హాల్లో పేపరు చదువుకుంటున్న భర్త కిరణ్ కుమార్ అంతా విన్నాడు. అతనికి కైకలూరు వెళ్ళే రోడ్డులో చేపల మేత షాపు ఉంది. చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడడు, తాగడు, ఆమె ఉద్యోగం గురించి నలుగురిలో గొప్పగానే చెప్పుకుంటాడు. "మేడమ్ చెప్పినట్టు చేసెయ్ సువర్ణా. ఎవరో ఆయా కోసం ఏడేళ్ళ కష్టం కొల్లేట్లో కలిపేసుకుంటావా?" అన్నాడు పేపరు మడిచి. సువర్ణ చేపని తిరగేసి రెండో పక్క రుద్దింది. ఆ ప్రశ్న అప్పటికే ఆమె కూడా వేసుకుంది.

సువర్ణది నల్లజర్ల పక్కన మెట్ట ఊరు. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. నర్సింగు దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన తండ్రి, సిరా అంటిన ఆ వేలిని రోజంతా కడుక్కోకుండా ఊరంతా చూపించుకు తిరిగాడని తల్లి ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పెళ్ళయి ఏలూరు వచ్చాక ఏడేళ్ళు వార్డులో స్టాఫ్ నర్సుగా చేసింది. తర్వాత గుంటూరులో ఎమ్మెస్సీ, ఆ తర్వాత నర్సింగు కాలేజీలో పాఠాలు. చదువు ఎంత పెరిగినా ఇంట్లో దాని విలువ మాత్రం ఒక్కచోటే ఆగిపోయింది. చుట్టాల్లో ఎవరికి సూది పొడవాలన్నా, ఎవరి పుండుకి కట్టు మార్చాలన్నా, మన సువర్ణ ఉందిగా అంటారు. పెళ్ళికి వెళ్తే పట్టుచీర కట్టుకున్న గంటకే ముసలివాళ్ళను పడుకోబెట్టిన గది ఆమెకి అప్పజెప్తారు. వృద్ధుల సంరక్షణ కేంద్రాల మీద పరిశోధన అన్నప్పుడు ఆడపడుచు భర్త, "ముసలాళ్ళకి గంజి పొయ్యడానికి కూడా పీహెచ్‌డీ ఉందాండీ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె వాళ్ళకి గారెలు వడ్డించింది.

అత్తగారు రత్నమాణిక్యం గారైతే నవ్వను కూడా నవ్వేవారు కాదు. ఇంట్లో మనిషికి మంచినీళ్ళిచ్చే తీరిక లేదుగానీ, ఊళ్ళో ముసలాళ్ళు ఎన్నిసార్లు దొడ్లోకి వెళ్ళారో పుస్తకంలో రాసుకొస్తుంది అనేవారు. పద్నాలుగేళ్ళ కిందట ఎమ్మెస్సీ సీటు వచ్చినప్పుడు ఆవిడ రెండు పూటలు అన్నం మానేసి వీధరుగు మీద కూర్చున్నారు. మూడేళ్ళ పిల్లని వదిలేసి చదువుకి పోయే తల్లి ఉంటుందా అని వీధి వీధంతా వినేలా అడిగారు. అప్పుడు మావయ్యగారే కండువా దులిపి లేచి, "అది వెళ్తుంది. ఆపేవాళ్ళెవరో నేనూ చూస్తాను" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే సువర్ణ ఇంత దూరం వచ్చింది. ఇప్పటికీ కాలేజీలో ఏ ముఖ్యమైన రోజైనా ముందు మావయ్యగారి ఫొటోకి దణ్ణం పెట్టుకునే వెళ్తుంది. ఆ రెండేళ్ళూ పిల్ల శ్రీదుర్గని చూసింది అత్తగారే అయినా, సణుగుతూ చూసిన చూపు కాబట్టి సువర్ణ మనసులో అది లెక్కలోకి రాలేదు. కోపం మాత్రం పచ్చడి జాడీ అడుగున ఉప్పులాగ అలాగే పేరుకుని ఉండిపోయింది.

ఆమె పరిశోధన అడిగే ప్రశ్న చాలా చిన్నది. వృద్ధుల కేంద్రంలో ఒక మనిషికి ఒంట్లో తేడా చేస్తే, ఈ మనిషిని ఆసుపత్రికి పంపాలి అని ముందు ఎవరికి తోస్తుంది, ఏం చూసి తోస్తుంది? ఏలూరులో ఒకటి, తాడేపల్లిగూడెంలో ఒకటి, ద్వారకా తిరుమల దారిలో ఒకటి, మూడు కేంద్రాల్లో నెలల తరబడి ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుని చూసింది. రికార్డులు తిరగేస్తే అన్నిటిలోనూ ఒకటే వాక్యం. డ్యూటీ నర్సు గమనించి డాక్టరుగారికి తెలియజేయడమైనది. ఆయాల్ని అడిగితే, మాకేం తెలుసండీ, అంతా డాక్టరుగారేనండి అని చీపురు పట్టుకుని వెళ్ళిపోయేవారు.

తాడేపల్లిగూడెం కేంద్రంలో రాజ్యం అనే ఆయా ఉంది. యాభై దాటిన మనిషి. కొల్లేటి లంకలో పుట్టి మూడో తరగతితో బడి మానేసింది. అక్కడ పొడుగాటి హాలు, పదహారు మంచాలు, తలుపు దగ్గర నర్సు బల్ల, ఆ బల్ల పక్కన ఒక ఫ్యాను. అప్పుడప్పుడూ రాజ్యం ఏదో ఒక మంచాన్ని కిర్రుమంటూ లాక్కొచ్చి ఆ ఫ్యాను కింద పెట్టేది. ఎందుకని అడిగితే, మూలనున్న ఫ్యాను సరిగ్గా తిరగట్లేదండి, పెద్దావిడ ఉక్కపోతకి ఇబ్బంది పడతన్నారు అనేది. నాలుగు నెలలు సువర్ణ ఆ మాట నమ్మింది. నమ్మి ఊరుకోకుండా, వృద్ధులకి మేలు చేస్తున్నాననుకుని మేనేజరుకి ఉత్తరం రాసి ఎలక్ట్రీషియన్‌ని కూడా పిలిపించింది. షంషుద్దీన్ గారని, ముప్ఫై ఏళ్ళుగా గూడెంలో ఫ్యాన్లు బాగుచేస్తున్న మనిషి. నిచ్చెనెక్కి రెక్కలు తిప్పి చూసి, దిగి, చేతులు తుడుచుకుంటూ, "మేడంగారూ, ఫ్యానుకే జబ్బూ లేదండి. నాకన్నా ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. రాజ్యం గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం సువర్ణ తన నోటుపుస్తకాలన్నీ ముందేసుకుంది. మంచం జరిగిన తేదీలు ఒక పక్క, మనిషిని ఆసుపత్రికి పంపిన తేదీలు ఒక పక్క రాసింది. నాలుగు నెలల్లో మంచం జరిగింది పంతొమ్మిదిసార్లు. అందులో పదిహేనుసార్లు, రెండు రోజులు తిరక్కుండా ఆ మనిషి ఆసుపత్రిలో ఉన్నారు. జ్వరం రాకముందే, బీపీ పడకముందే, కాగితం మీద ఏమీ లేనప్పుడే మంచం కదిలింది.

మర్నాడు వంటింట్లో గంజి వారుస్తుంటే వెళ్ళి "రాజ్యంగారూ" అని పిలిచింది. ఎవరో పెద్దవాళ్ళు వచ్చారనుకుని రాజ్యం వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు మాట దాటేసి, ఇక దాటదని తెలిశాక చెప్పింది.

"పంపించండి అని నేననొచ్చాండీ? ఓసారన్నాను. నువ్వేవన్నా డాక్టరువా అన్నారు. బల్ల పక్కనుంటే నర్సమ్మగారే చూసుకుంటారు కదండి. ఆరు చూసినట్టే ఉంటాది, పనీ జరిగిపోద్ది."

మరి మీకెలా తెలుస్తుందని అడిగితే, చెప్పడానికి రాదండి అంది. రోజూ వేణ్ణీళ్ళ గ్లాసు చెయ్యి చాచి అందుకునే మనిషి నోటి దగ్గరికి వచ్చేదాకా చూస్తూ కూర్చుంటారు. చీర కుచ్చిళ్ళు జారితే పట్టించుకోరు. అన్నిటికన్నా ఆదివారం చేపల కూర దగ్గర బాగా తెలుస్తుందట. "మా కొల్లేటి పక్కోళ్ళు తోక ముక్క నోట్లో పెట్టుకున్నారంటే ముల్లు దానంతటదే బయటికొచ్చేస్తాదండి, కబుర్లు చెప్పుకుంటా తినేస్తారు. అట్టాంటి మనిషి ముల్లు తీసిపెట్టమన్నారంటే, లోపల ఏదో తేడా చేసినట్టేనండి." ముళ్ళు లేని చేప వండమని ఒకసారి పై నుంచి చెప్పారట. ముల్లు లేనిది చేపెలా అవుతుందని పెద్దవాళ్ళంతా కంచాలు తోసేశారట.

పుస్తకాల్లో వీటన్నిటికీ పెద్ద పెద్ద పేర్లున్నాయి. సువర్ణ అవి చదివింది, పరీక్షల్లో రాసింది, ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. కానీ మనిషిని ఎలా చూడాలో నేర్పింది మాత్రం రాజ్యం. ఆ తర్వాత మిగతా రెండు కేంద్రాల్లో వెతికితే అక్కడా ఇలాంటి చేతులే కనిపించాయి. ఒకచోట ఆయా కిటికీ పాడైందంటుంది, ఇంకోచోట దుప్పటి తడిసిందంటుంది. పేర్లు రాస్తే ఉద్యోగాలు పోతాయని అంకెలు మాత్రమే పెట్టి, వాళ్ళ ఋణం తీర్చుకున్నట్టుగా నాలుగో అధ్యాయం రాసింది. థీసిస్ మొత్తంలో తను తలెత్తుకుని చదవగలిగిన పేజీలు అవే. మేడమ్ తీసెయ్యమన్నవీ అవే.

ఆ ఆదివారం మధ్యాహ్నం పులుసు దించి అందరికీ వడ్డించింది. రత్నమాణిక్యం గారికి డెబ్భై ఆరేళ్ళు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన ఆవిడ. ఆ ఇంట్లో తోక ముక్క ఆవిడ హక్కు. పెళ్ళైన కొత్తలో సువర్ణ గొంతులో ముల్లు ఇరికించుకుంటే, "మెట్ట పిల్లవి, నీకు కందిపప్పే గతి" అని వెక్కిరిస్తూనే ఉత్తన్నం ముద్ద చేసి మింగించింది ఆవిడే. అలాంటి ఆవిడ ముక్క చేత్తో పట్టుకుని, కంచం కేసి కాసేపు చూసి, "కాస్త ముల్లు తీసిపెట్టవే" అన్నారు.

నాయనమ్మకి గారం ఎక్కువైందని శ్రీదుర్గ నవ్వింది. కిరణ్ తలెత్తలేదు. సువర్ణ అత్తగారి మొహం కేసి చూసింది.

ముల్లు తీసి పెట్టింది. చెయ్యి పట్టుకు చూస్తే ఒళ్ళు వేడి లేదు. భోజనమయ్యాక మామూలుగా చూస్తున్నట్టు బీపీ చూసింది, బాగానే ఉంది. మూడు వారాల కిందట డాక్టరు బీపీ మాత్ర మార్చిన సంగతి గుర్తొచ్చింది. ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్దాం అని సూటిగా అనలేదు. అంటే ఏమవుతుందో ఇరవై ఒక్కేళ్ళుగా తెలుసు. నీకు అందరూ పేషెంట్లలాగే కనపడతారు అంటాడు కిరణ్. నన్ను ఆ ముసలాళ్ళ కేంద్రంలో పడెయ్యడానికి ఇప్పట్నుంచే దారి వేస్తోంది అంటారు అత్తగారు. అందుకని, "ఏవండీ, నాకు పొద్దుట్నుంచీ కళ్ళు తిరుగుతున్నాయి, రక్తపరీక్ష చేయించుకుంటాను. అత్తయ్యగారు కూడా తోడొస్తే బాగుంటుంది" అంది. కారులో కిరణ్ రెండుసార్లు అద్దంలో వెనక్కి చూసి, అమ్మ మాట కాస్త ముద్దగా లేదూ అన్నాడు. "అవునా, మీరన్నాక నాకూ అలాగే అనిపిస్తోందండి" అంది సువర్ణ.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం బాగా పడిపోయి ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టర్ మెహర్ చిన్న వయసు అమ్మాయి, కానీ నిదానం ఉన్న మనిషి. కొత్త మాత్ర వల్ల జరిగిందనీ, ఇంకొక్క రోజు ఆగితే ఫిట్స్ వచ్చేవనీ చెప్పి, ఇంత ముందుగా ఎవరు కనిపెట్టారండీ అని మెచ్చుకోలుగా అడిగింది.

"నేనేనండి. మాట తేడాగా ఉందనిపించి వెంటనే తీసుకొచ్చేశాం" అన్నాడు కిరణ్.

అబద్ధం చెప్తున్నానని అతనికి తెలియదు. నిజంగానే అతను అలా నమ్మాడు, నమ్మించింది ఆమే. డాక్టరు కేసు షీటులో కుమారుడు గమనించి తీసుకొచ్చారని రాసుకోవడం సువర్ణ నిలబడి చూసింది. కోపం రాలేదు. సిగ్గేసింది. ఎమ్మెస్సీ చదివి, ఇదే విషయం మీద ఏడేళ్ళు కూర్చుని, చివరికి తనింట్లో తను చేసిందేమిటి? మూల ఫ్యాను తిరగట్లేదంది. రాజ్యానికైనా ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. తనకి దేని భయం? ఒక మాట పడాల్సి వస్తుందన్న భయం. ఇరవై ఒక్కేళ్ళలో ఆ ఇంట్లో ఇలా ఎన్ని మంచాలు జరిపిందో లెక్కపెట్టబోయి, లెక్క తేలక వదిలేసింది.

మూడో రోజుకి రత్నమాణిక్యం గారు తేరుకున్నారు. కాఫీలో పంచదార చాల్లేదని నర్సు మీద విసుక్కున్నారంటే బాగున్నట్టే. చూడ్డానికి దెందులూరు నుంచి చుట్టాలొచ్చారు. అద్దంలో అమ్మ మొహం ఎలా కనిపించిందో, కారు ఎంత వేగంగా నడిపాడో కిరణ్ మూడుసార్లు చెప్పాడు. కొడుకంటే నువ్వేరా అన్నారు వాళ్ళు. వాళ్ళని దింపడానికి అతను కిందికి వెళ్ళాక గదిలో అత్తా కోడళ్ళు మిగిలారు. సువర్ణ దువ్వెన తీసుకుని ఆవిడ తల చిక్కు తీసి జడ వెయ్యడం మొదలుపెట్టింది.

"నీ రక్తపరీక్ష ఏమైందే?" అన్నారు అత్తగారు, గోడకేసి చూస్తూ.

సువర్ణ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసింది.

"నాకు మతి తప్పిందేమో గానీ కళ్ళు పోలేదు. ముల్లు తీసిపెట్టమన్నప్పుడు నా మొహం కేసి చూశావు చూడు, అప్పుడే అనుకున్నాను, ఇది ఏదో కనిపెట్టిందని. సూటిగా చెప్పొచ్చుగా?"

"చెప్తే వచ్చేవారాండీ?"

"రాను" అన్నారావిడ వెంటనే. తర్వాత సన్నగా నవ్వారు. "నీకు ఈ విద్య ఎవరు నేర్పారో గానీ, బానే వచ్చింది. మరి నీ గుంటూరు చదువప్పుడు నేను రెండు పూటలు అన్నం ఎందుకు మానేశాననుకున్నావు?"

"నేను వెళ్ళకూడదని."

"పిచ్చిదానా. మీ మావయ్యగారు నలభై ఏళ్ళలో నేను చెయ్యండి అన్నది ఒక్కటంటే ఒక్కటి చేశారా? నేను వద్దని వీధికెక్కితేనే కదే ఆయనకి పౌరుషం వచ్చింది. చదివించండి అని నేనని ఉంటే, నువ్వీపాటికి ఆ వార్డులోనే సూదులు పొడుస్తూ ఉండేదానివి."

సువర్ణ మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ రెండేళ్ళూ ఒక్కొక్కటిగా వేరే రంగులో కనపడటం మొదలెట్టాయి. మావయ్యగారు ఇంట్లో ఉన్నప్పుడే అత్తగారి సణుగుడు వినపడేది. ఆయన పొలానికి వెళ్ళాక ఫోను చేస్తే, పిల్ల బాగానే ఉంది, నువ్వు పుస్తకం ముందు కూర్చో అని పెట్టేసేవారు. సోమవారం తెల్లారుతూనే బస్సుకి వెళ్ళేటప్పుడు సంచిలో కందిపొడి డబ్బా ఉండేది. ఎవరు పెట్టారో ఆమె ఎప్పుడూ అడగలేదు. పన్నెండేళ్ళు మనుషుల్ని గమనించడం పాఠాలుగా చెప్పిన మనిషికి, తన సంచిలో డబ్బా పెట్టిన చెయ్యి కనపడలేదు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అంది.

"ఆయనుండగా చెప్తే ఆయన పరువేం గాను? పోయాక చెబుదామనుకున్నాను. నువ్వేమో ఆయన ఫొటోకి దణ్ణం పెట్టుకుంటున్నావు. పోనీలే, ఆయనకీ ఒకటి ఉండనీ అనిపించింది." వెనక్కి తడిమి చూసుకుని, "ఆ జడ సగంలో వదిలేశావు" అన్నారు.

సువర్ణ లేచి జడ పూర్తిగా అల్లింది. చివర దారం కట్టి, వంగి ఆవిడ పాదాలు పట్టుకుంది. ఏవిటే ఇది, ఎవరన్నా చూస్తే నేను పోయాననుకుంటారు, లే అని ఆవిడ కసిరారు. కసురుతూనే కోడలి తల మీద చెయ్యి ఉంచారు, చాలాసేపు తియ్యలేదు.

కిరణ్ పైకి వచ్చాక అతన్ని తల్లి దగ్గర కూర్చోబెట్టి, సువర్ణ వరండా చివర కిటికీ దగ్గరికి వెళ్ళి సీతారత్నం మేడమ్‌కి ఫోను చేసింది.

"మేడమ్, నాలుగో అధ్యాయం ఉంటుందండి."

నీ మంచికే చెప్తున్నానమ్మా అని మేడమ్ మొదలుపెట్టారు. గడువు గురించి చెప్పారు, పోస్టు గురించి చెప్పారు, నలభై ఏళ్ళు డాక్టర్ల ముందు నిలబడి తను నేర్చుకున్న జాగ్రత్త గురించి చెప్పారు. సువర్ణ అంతా విన్నది. మీరు ఏడేళ్ళు నా ప్రతి అక్షరం దిద్దారు, ఆ మేలు మర్చిపోనండి అంది. తన మాట అంత నిబ్బరంగా రావడం ఆమెకే కొత్తగా ఉంది. "కానీ అది తీసేస్తే మిగతా అధ్యాయాలు కూడా నిజం కావండి. ముందు చూసినవాళ్ళని దాచిపెట్టి, సంతకం పెట్టినవాళ్ళ పేరు రాసినట్టవుతుంది. డిగ్రీ రాకపోతే ఇప్పుడున్నట్టే పాఠాలు చెప్పుకుంటాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"సరే" అన్నారు మేడమ్ చివరికి. గొంతులో విసుగు లేదు, పరీక్ష పెట్టే టీచరు గొంతు అది. "ఎగ్జామినరు ఒకటే అడుగుతాడు. ఏ రికార్డులోనూ లేదు, చేసినవాళ్ళే చెయ్యలేదంటున్నారు, మరి జరిగిందని నీకెలా తెలుసంటాడు. ఏం చెప్తావు?"

"మా అత్తగారు వద్దంటూనే నన్ను చదివించారని చెప్తానండి" అంది సువర్ణ.